కర్ర మేస్త్రి దాటించిన పళ్ళెం

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి మంచం మీద వాలి, ఫోనులో పూల్ ఆట, బల్ల మీది బంతుల్ని కర్రతో కొట్టి అంచు గుంతల్లో వేసేది, చూస్తున్నాను. ఎక్కడో విదేశంలో జరుగుతున్న పెద్ద పోటీ. ఒక ఆటగాడు బల్ల మీదికి బాగా వంగి, కొట్టబోయి, సగంలో ఆగిపోయాడు. నిటారుగా నిలబడి రిఫరీ వైపు తిరిగి తన చొక్కా చెయ్యి చూపించాడు. పక్కనున్న బంతికి అది తగిలిందట. రిఫరీ చూడలేదు. కుర్చీలో కూర్చున్న ఎదుటి ఆటగాడూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన చెప్పేసి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే మంచం పట్టెని వేలి కణుపుతో రెండుసార్లు టకటకమని కొట్టింది.

వంటింట్లోంచి మా ఆవిడ తలుపెవరు కొట్టారని అడిగింది. ఎవరూ కాదన్నాను. అలా కొట్టే మనిషి పోయి ఏడాది దాటింది.

నెల్లిమర్లలో ఆయన్ని అందరూ కర్ర మేస్త్రి అనేవారు. పూల్, బిలియర్డ్స్ ఆడే కర్రలు తయారు చేసేవాడు. వాటిని క్యూ అంటారని ఆయనకి బాగా తెలుసు, కాని ఆ మాట ఆయన నోట నేను వినలేదు. రేషను కొట్టు ముందు నిలబడేది క్యూ, తాను చేసేది కర్ర. అసలు పేరు చర్చి రిజిస్టరులోనూ పింఛను కాగితంలోనూ తప్ప ఎక్కడా వాడుకలో ఉన్నట్టు కనపడదు. నేనూ ఇక్కడ రాయను.

నేను పశువుల డాక్టర్ని. మాది పాతపట్నం దగ్గర పల్లె, ఇంటిల్లిపాదీ వరి పండించినవాళ్ళే. ఉద్యోగం నన్ను నెల్లిమర్లలో తెచ్చి పడేసింది. చేరి వారం కాకుండానే ఒక పొద్దుట లుంగీ, ఖాకీ చొక్కా వేసుకున్న పొట్టి పెద్దమనిషి ఆసుపత్రి వరండా ఎక్కాడు. చొక్కా జేబులో మడతపెట్టే కొలబద్ద. వెంట గేదె లేదు, మేక లేదు. నా బల్ల ముందు నిలబడి గొంతు తగ్గించి, "కొమ్ము ఇరిగిన గేదొస్తే నాకు కబురెట్టు బాబూ. ఇరిగిన ముక్క పారీకు," అన్నాడు.

చేతబడి చేసేవాడు కాబోలనుకున్నాను. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం. నాలుగు మాటలు గట్టిగా అని పంపేశాను. ఆయన ఎదురు చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాక మా అటెండరు నవ్వాపుకోలేక, ఆ కొమ్ము మంత్రానికి కాదు సార్, ఆటకి అన్నాడు. కర్ర కొసన చిన్న తోలు బిళ్ళ ఉంటుంది, బంతిని కొట్టేది దాంతోనే. ఆ బిళ్ళకి కింద, దెబ్బకి కర్ర చీలిపోకుండా, ఉంగరంలాంటి పట్టీ ఒకటి తొడుగుతారు. లోకమంతా దానికి ప్లాస్టిక్ వాడుతుంది. మేస్త్రి గేదె కొమ్ము కోసి తొడిగేవాడు.

నాకు సిగ్గేసింది. సిగ్గుకన్నా ఆశ ఎక్కువ పుట్టింది, ఎందుకంటే వెటర్నరీ కాలేజీ హాస్టల్లో నేను చదివినదానికన్నా పూల్ ఆడిందే ఎక్కువ. ఆ సాయంత్రమే ఇల్లు కనుక్కుని వెళ్ళాను. మిల్లు కార్మికుల ఇళ్ళ వెనక రేకుల షెడ్డు, మధ్యలో పాత లేత్ మిషను, దాని మీద ఆరేసిన తువ్వాలు. పొద్దున్న తిట్టినవాణ్ణి కూర్చోమని స్టూలు చూపించి, టీ తెప్పించి, టీ తాగుతున్నంతసేపూ నా మోచేతుల కేసి చూశాడు.

ఒకప్పుడు ఆయన జూట్ మిల్లులో వడ్రంగి. ఆఫీసర్ల క్లబ్బులో బిలియర్డ్స్ బల్ల ఉండేదట. దాని గుడ్డ బిగించడం, కర్రలు బాగుచెయ్యడం ఆయన పనే. ఈ పిచ్చి అక్కడ పట్టుకుంది. కలప కూడా మిల్లుదే. మగ్గం మీద దారం మోసే నాడెని ఈ కొసనుంచి ఆ కొసకి కొట్టే కర్ర ఒకటి ఉంటుంది, విదేశాల్నించి వచ్చిన గట్టి కలపతో చేసింది. ఒక పక్క అరిగిపోయాక దాన్ని తీసేసి కొత్తది వేస్తారు. తీసేసిన కర్రల్ని ఆయన ఏళ్ళ తరబడి అడిగి తెచ్చుకుని షెడ్డు దూలాల మీద పేర్చుకున్నాడు. ఒకటి దించి నా చేతికిచ్చి, "ఇదింక వొంగదు బాబూ. వొంగేదయితే మగ్గం మీదే వొంగీసును. దెబ్బలు తినీసి తినీసి రాటుదేలిపోనాది," అన్నాడు.

ఆ కలపకి ఒకటే లోటు, పొడవు చాలదు. బిలియర్డ్స్‌కి కావలసిన ఏకాండం కర్ర దాంట్లోంచి రాదు. రెండు ముక్కలు జోడించి మధ్యలో ఇత్తడి మర బిగిస్తే పూల్ కర్ర మాత్రం వస్తుంది. ఆ విధంగా, భూమ్మీద బిలియర్డ్స్ తప్ప వేరే ఆట లేదని నమ్మిన మనిషి, టీ చల్లారేలోపు అయిపోయే ఆట అని పూల్‌ని వెక్కిరిస్తూనే బతుకంతా పూల్ కర్రలే చేశాడు. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆయనకి చిర్రెత్తుకొచ్చేది. రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

నాకో కర్ర చేసిపెట్టమని అడిగితే చేస్తాననీ అనలేదు, చెయ్యననీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నేను గేదెలకి సూదులు వేస్తున్నాను, ఎద్దు నోరు తెరిచి చూస్తున్నాను, ఆయన చూస్తున్నాడు. అలా మూడు పొద్దుటలు. నీ గొడ్డేదని రైతులు అడుగుతుంటే నా వైపు చూపించేవాడు. మూడో రోజు లేచి, "సూదేసేటపుడు నీ సెయ్యి అదరదు. మోసెయ్యి మాత్రం బయటికి పోతాది. కర్రకి బరువు ఎనక్కి ఎట్టాల," అని చెప్పి వెళ్ళిపోయాడు. అది ఒప్పుకోవడమని ఇంటికెళ్ళాక తెలిసింది. ఆ కర్రకి పద్నాలుగు నెలలు పట్టింది. లేత్ మీద కొంచెం కొంచెం తిప్పడం, వారాలకొద్దీ దూలానికి వేలాడదీయడం, చిత్రిక పట్టడం, ఉప్పు కాగితం రుద్దడం, అవిసె నూనె పట్టించడం, మళ్ళీ వేలాడదీయడం. తొందర పెడితే ఆ రోజుకి పని ఆపేసేవాడు. చేతికిచ్చాక ఏనాడూ కర్ర ఎలా ఉందని అడగలేదు. కనపడినప్పుడల్లా మోచెయ్యి ఎలా ఉన్నాదని అడిగేవాడు.

పోటీల మీద ఆయనకున్నన్ని అభిప్రాయాలు ఇంకెవరికీ ఉండవు. మనవరాలు ఫోనులో ఆటలు చూడటం నేర్పాక అవి మరీ పెరిగాయి. జిగురు డబ్బాకి ఫోను ఆనించి, ఉప్పు కాగితం రుద్దుతూ చూసేవాడు. వ్యాఖ్యానం చెప్పేవాళ్ళంటే మంట, ఫోను నోరు నొక్కేసేవాడు. ఆటగాళ్ళ కోట్ల మీద అతికించిన కంపెనీ గుర్తులంటే మంట. ముత్యపుచిప్పలు పొదిగిన కర్రలు చూస్తే, పెళ్ళికి తయారైందేమో అనేవాడు. బిలియర్డ్స్‌ని చూసేవాళ్ళకి ఓపిక లేదని దాన్ని కుదించి కుదించి చంపేశారని, స్నూకర్‌ని టీవీ ఎత్తుకుపోయిందని, పూల్‌ని కాఫీ హోటళ్ళు పట్టుకున్నాయని ఆయన ఫిర్యాదు. మన దేశం ఆటగాళ్ళు ఎంత గొప్పవాళ్ళో చెబుతూనే, వాళ్ళకి ఊరు ఊరుకీ బల్ల లేకపోవడం గురించి గంటసేపు మనల్ని తిట్టేవాడు. మనల్ని అంటే, ఎదురుగా ఉన్నవాణ్ణి కాబట్టి, నన్ను.

ఇన్ని అన్నా, ఆటగాళ్ళని ఆయన కొలిచే కొలత ఒక్కటే. ఈ ఆటల్లో ఒక మర్యాద ఉంది. చెయ్యో చొక్కానో పొరపాటున బంతికి తగిలితే, ఎవరూ చూడకపోయినా, ఆడేవాడే చెప్పుకోవాలి. అలా చెప్పుకున్నవాడు ఎన్ని పోటీలు ఓడినా ఆయన దృష్టిలో పెద్ద ఆటగాడు. చెప్పకుండా దొరికిపోయినవాడి పేరు ఆ ఇంట్లో వినపడేది కాదు, ఎంత ఛాంపియనైనా "ఆడు" అయిపోయేవాడు. ఎక్కడైనా ఫైనల్ జరిగిందని చెబితే ఎవరు గెలిచారని అడగడు. "ఎవులైనా సెప్పినారా?" అని అడుగుతాడు. ఎవరైనా తన తప్పు తానే చెప్పిన ఆట దొరికిందంటే పని ఆపేసి, లేత్ బల్ల మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, భార్యని పిలిచేవాడు. ఆవిడ చేపలు తోముతున్న చేతులతో వచ్చి, ఇరవైసార్లు చూసిన అదే ముక్కని ఇరవై ఒకటోసారి చూసి, బాగుందని చెప్పి వెళ్ళేది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

ఒక జూలై చివర్లో విజయనగరంలో జిల్లాల పూల్ పోటీ పెట్టారు. అంతకుముందు జీవితంలో నేను గెలిచిందంటూ ఏమీ లేదు, హైస్కూల్లో వ్యాసరచనకి ఇచ్చిన సబ్బు పెట్టె తప్ప. అక్కడ ఎలాగో ఫైనల్ దాకా వచ్చాను. ఎదుటివాడు రాజాంలో విత్తనాలు, ఎరువుల కొట్టు నడిపే కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. నిజం చెప్పాలంటే నాకన్నా మంచి ఆటగాడు. చెరో నాలుగు ఆటలు గెలిచాం. ఆఖరి ఆటలో అతనికి ఒక బంతి, నాకు ఒక బంతి, ఆపైన, ఆఖర్న వేసినవాడు గెలిచే నల్లబంతి మిగిలాయి. కొట్టే వంతు నాది. మేస్త్రి మొదటి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు.

కర్రతో కొట్టవలసిన తెల్లబంతి దూరంగా ఉంది. బల్ల మీద బోర్లా పడుకున్నంతగా వంగాను. నా చొక్కా చేతి గుండీ అతని బంతిని తాకింది. బంతి ఆవగింజంత కదిలింది. అది ఫౌల్. చెబితే తెల్లబంతి అతని చేతికి వెళుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని కొట్టవచ్చు, ఆ రెండు బంతులూ అతను కళ్ళు మూసుకుని వేసేస్తాడు. రిఫరీ బల్లకి అవతల ఉన్నాడు. కుర్రాడు వంగి నీళ్ళసీసా మూత తీసుకుంటున్నాడు. నేను తలెత్తాను. ఎదురుగా మేస్త్రి. ఆయన కళ్ళు బంతి మీద ఉన్నాయి. తర్వాత నా మీదికి వచ్చాయి.

నేను కొట్టాను. నా బంతి పడింది. ఆ తర్వాత నల్లబంతి పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. కుర్రాడు వచ్చి చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో బండి మీద నా వెనక కూర్చుని కప్పు ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నది మేస్త్రే. ఇంటి ముందు దిగి, కప్పు నా చేతికిచ్చి, "సొక్కా సేతులు మడత ఎట్టుకోవలసింది బాబూ," అన్నాడు. అవును మేస్త్రీ, బాగా ఉక్కపోసింది అన్నాను నేను. ఆయన నన్నో క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయాడు. పేపరు జిల్లా పేజీలో నా ఫొటో వచ్చింది. రైతులు గేదెల్ని కట్టేసి మరీ వచ్చి అభినందించారు. బాగానే ఉంది, చెడ్డగా ఏమీ లేదు, నేనిలా ఉండగలనని నాకే తెలియదు.

ఆయన నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. తోలు బిళ్ళ అరిగితే మార్చాడు, మోచేతి గురించి అడిగాడు, కంపెనీ గుర్తుల్ని తిట్టాడు. ఒక్క తేడా కనిపెట్టాను. నేనున్నప్పుడు ఫోనులో ఎవరైనా తన తప్పు తానే చెప్పుకుంటే, మేస్త్రి బల్ల కొట్టడం మానేశాడు. ఫోను బోర్లించి పనిలో పడిపోయేవాడు.

రెండు నెలల తర్వాత మనవరాలి బాప్తిస్మానికి పిలిచాడు. వాళ్ళది బాప్టిస్టు చర్చి, పెద్దయ్యాక నీళ్ళలో ముంచి ఇస్తారు. తెల్లబట్టలతో ఆ పిల్ల తొట్టిలో మునిగి లేచి దగ్గుతుంటే మేస్త్రి నవ్వాడు. అది నెలలో మొదటి ఆదివారం, యేసు గుర్తుగా రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల రోజు. మనసులో తేల్చుకోవలసినది ఉన్నవాళ్ళు ముందు అది తేల్చుకుని రావాలని పాస్టరు గారు చెప్పారు. రొట్టె ముక్కల పళ్ళెం వరసలో చేతులు మారుతూ వచ్చింది. నా పక్కనే ఉన్న మేస్త్రి దాన్ని రెండు చేతులా అందుకుని, కాసేపు చూసి, తీసుకోకుండా నా మీదుగా అవతలి వాళ్ళకి దాటించాడు. వెనకాలే ద్రాక్షారసం చిన్నచిన్న గ్లాసుల్లో వచ్చింది. అదీ దాటించాడు.

నా బుర్రకి తట్టింది ఒకటే, ఈయనకి షుగర్ ఉంది. తీపి మానేశాడు. డాక్టర్ని కదా, రోగం దగ్గరే ఆగుతాను. బయటికి వచ్చాక షుగర్ ఎంతుందని అడిగాను. "అదేటీ నేదు బాబూ," అన్నాడు. దాస్తున్నాడనుకుని మరుసటి వారం మా అమ్మ పంపిన మెంతిపొడి అరకేజీ తీసుకెళ్ళి ఇచ్చాను. వద్దనకుండా తీసుకున్నాడు. రోజూ పొద్దున్న నీళ్ళలో కలుపుకుని తాగేవాడని తర్వాత తెలిసింది, నా మాట కాదనలేక.

మే నెలలో ఒక రోజు వాళ్ళావిడ కడుపు ఉబ్బిన మేకని తీసుకుని ఆసుపత్రికి వచ్చింది. మేకకి మందు పట్టించాను. ఆవిడ వెళ్ళలేదు. వరండా ఖాళీ అయ్యేదాకా ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"మా ముసిలోడు ప్రభువు బల్ల తీసుకుని పది నెలలైపోనాది బాబూ. ముప్పై ఏళ్ళు డీకనుగా సంగమంతటికీ ఆ పళ్ళెం మోసినోడు, ఆ పని కూడా ఒగ్గీసినాడు. ఏలని పాస్టరు గారడిగినా సెప్పడు, నానడిగినా సెప్పడు. ఆడదాని గొడవని ఒకలు, తాగుడని ఒకలు, సంగంలో ఏటేటో అనుకుంటన్నారు. నువ్వంటే ఆయనకి గురి. ఓ పాలి నువ్వడుగు."

మనవరాలి బాప్తిస్మం నాడు నేను చూసింది షుగరు కాదని అప్పుడు అర్థమైంది. ఆ చర్చిలో పళ్ళెం తీసుకోకుండా దాటించడమంటే, నాలో తేలని తప్పు ఒకటి ఉందని అందరి ముందూ ఒప్పుకోవడం. మే నుంచి వెనక్కి లెక్కపెట్టాను. జూలై చివరకి తేలింది. ఆవిడ సహాయం అడగడానికి సరిగ్గా ఎవరి దగ్గరికి వచ్చిందో ఆవిడకి తెలియదు. అడుగుతానని చెప్పి పంపించాను.

ఆ సాయంత్రం షెడ్డుకి వెళ్ళి నిలబడే అడిగాను. ప్రభువు బల్ల ఎందుకు తీసుకోవడం లేదు మేస్త్రీ? ఆయన కర్ర మీద పొడిని నోటితో ఊదాడు. తల ఎత్తలేదు.

"నాను సూసినాను కదా బాబూ. సూసి నోరు మూసుకున్నాను."

ఆయన గుడ్డతో కర్ర తుడుస్తూ, "లేసి సెప్పీద్దారనుకున్నాను. నువ్వే సెప్తావని సూసినాను. ఇంతలో నువ్వు నల్లబంతి కొట్టీసినావు. ఆ కర్ర నాను సేసినది. ఆ కుర్రోడు సెయ్యి కలిపి ఎల్లిపోతంటే సూస్తా కూకున్నాను. మరి నాకేటి మొకం ఉన్నాది?" అన్నాడు.

పాస్టరు గారికైనా చెప్పుకోవచ్చు కదా అని అడిగాను. అది నా బతుకులో నేను వేసిన అతి సిగ్గుమాలిన ప్రశ్న. చెబితే నీ పేరు చెప్పాలి అన్నాడు. ఈ ఊళ్ళో గొడ్డుకి రోగమొస్తే నీ మాట నమ్మి మందు వేస్తారు, ఆ నమ్మకం పోతే గొడ్లు పోతాయి అన్నాడు. వెళ్ళి కుర్రాడికి చెప్పమని మాత్రం అనలేదు. ఆ మాట ఆయన నోటినుంచి వస్తుందని ఎదురుచూశాను. వస్తే నాకు తేలికగా ఉండేది. ఆయన ఉప్పు కాగితం మడిచి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.

వెంటనే వెళ్ళానని రాయాలని ఉంది. వెళ్ళలేదు. గాలికుంటు టీకాల క్యాంపులని రెండు వారాలు నాకు నేను చెప్పుకున్నాను. క్యాంపులు నిజమే. కాని జూన్ మొదటి ఆదివారం దగ్గర పడుతున్నకొద్దీ రాత్రి అన్నం సయించడం మానేసింది. ఆఖరికి ఒక గురువారం సెలవు పెట్టి, కప్పుని సంచిలో వేసుకుని రాజాం బస్సెక్కాను.

విత్తనాల అదను, కొట్టు నిండా రైతులు. అందరూ వెళ్ళేదాకా గోనెసంచుల పక్కన నిలబడ్డాను. కుర్రాడు గుర్తుపట్టి, డాక్టరు గారూ అంటూ కుర్చీ తుడిచాడు. కూర్చోకుండా చెప్పేశాను. గుండీ, బంతి, ఆవగింజంత కదలడం, నేను చూడటం, చెప్పకపోవడం. కప్పు తీసి అతని బల్ల మీద పెట్టాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

"నాను సూడనేదండి," అన్నాడు. తర్వాత చాలాసేపు విత్తనాల పొట్లం ఒకటి అటూ ఇటూ తిప్పాడు. "ఆ పోటీ తర్వాత ఆడ్డం మానీసినాను. ఆఖరిదాకా ఎల్లి ఓడిపోడం నాకది మూడోసారి. మరి నా వల్ల కాదని ఒగ్గీసినాను. కర్ర మా బావకిచ్చీసినాను."

ఇది నేను అనుకోనిది. ఆ పది నెలలూ నా తప్పు నాతోనే ఉందనుకున్నాను, మహా అయితే మేస్త్రితో. ఇంకో ఇంట్లో ఒకడు తాను ఎందుకూ పనికిరానని తేల్చుకుని కూర్చున్నాడని నాకు తెలియదు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నారని అతను అడిగితే మేస్త్రి సంగతంతా చెప్పాను.

"కర్ర మేస్త్రి సూసినాడా?" అన్నాడు. అవునన్నాను. అతను నా కేసి కాదు, వీధి కేసి చూస్తూ, "అయితే నాను బాగానే ఆడినానన్నమాట," అన్నాడు.

టీ తాగమని అనలేదు. మా వైపు కొట్టుకి వచ్చిన మనిషిని టీ తాగమనకుండా పంపరు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి, ఇది అప్పుడే చెప్పవలసింది డాక్టరు గారూ అన్నాడు. నిజమేనన్నాను. తర్వాత పోటీ పెట్టినవాళ్ళకి కూడా ఉత్తరం రాసి పడేశాను. వాళ్ళు ఫోను చేసి నవ్వి, అయిపోయినదానికి ఇప్పుడేమిటండీ అన్నారు.

ఆ గురువారం మాత్రం బస్సు దిగి నేరుగా షెడ్డుకి వెళ్ళాను. మేస్త్రి అంతా విని ఒక్కటే అడిగాడు, ఆ కుర్రాడు మళ్ళీ ఆడతాడా అని. తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. ఆయన తల పంకించి, లేచి, గోడకి తగిలించిన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. పాస్టరు గారింటికి వెళ్ళొస్తానన్నాడు. గుమ్మం దాటబోయి ఆగాడు.

"నీ పేరు సెప్పనా బాబూ?"

చెప్పండి మేస్త్రీ అన్నాను.

ఆ ఆదివారం ఎవరూ పిలవకుండానే చర్చికి వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాను. మేస్త్రి ముందు వరసల్లో ఉన్నాడు, వాళ్ళావిడ అవతల ఆడవాళ్ళ వైపు. పళ్ళెం ఆయన దగ్గరికి వచ్చేసరికి చర్చి అంతా ఆ చేతుల కేసే చూస్తోంది. నేనూ చూశాను. ఆయన రొట్టె ముక్క తీసుకున్నాడు. నోట్లో పెట్టుకుని, తల వంచుకుని, ఆ చిటికెడు ముక్కని చాలాసేపు నమిలాడు. ఆవిడ ఏడుపు ఆఖరి వరస దాకా వినిపించింది. నాకూ ఆగలేదు.

పళ్ళెం వరసలు దాటుకుంటూ వెనక్కి వచ్చి నా చేతికి అందింది. వాళ్ళ సంఘంవాణ్ణి కాను, తీసుకోకూడదు. పక్కనున్నాయనకి దాటించాను. ఆయన ఎవరో పొరుగూరి చుట్టం, నేనెవరో ఆయనకి తెలియదు. పళ్ళెం అందుకుంటూ నా ముఖంలోకి చూశాడు, ఇతను ఏం చేసి ఉంటాడా అన్నట్టు. ఒక్క క్షణం, అంతే, నేను కళ్ళు దించేసుకున్నాను. ఆ చూపుని మేస్త్రి పది నెలలు, ముప్పై ఏళ్ళుగా తనని ఎరిగినవాళ్ళ మధ్య కూర్చుని, నా పేరు చెప్పకుండా పడ్డాడు.